చచ్చిన కాయ ఇంటికి పోవాలె

తార్నాకలో భారతమ్మ వాళ్ళు అద్దెకున్న ఇంటి ముందర షాబాదు బండలు పరిచిన చిన్న వరండా ఉండేది. గిన్నెలు తోమి బోర్లించాక, సాయంత్రం నల్లా వచ్చేదాకా దొరికే కాస్త తీరికలో ఆడవాళ్ళు అక్కడ అష్టాచెమ్మ ఆడేవాళ్ళు. నడిమి బండ మీద ఎవరో పాత కిరాయిదారు ఉలితో గడులు చెక్కి పోయాడు. గవ్వలు భారతమ్మవి. కాయలు మాత్రం ఎవరివి వాళ్ళే తెచ్చుకునేవారు. ఒకరివి చింతగింజలు, ఒకరివి విరిగిన గాజు ముక్కలు, ఒకరివి పాత చొక్కా గుండీలు.

ఆ బండ మీద ఎవరి కాయ చస్తే వాళ్ళు ఇంటికి పోయేవారు. మామూలుగా అష్టాచెమ్మలో చచ్చిన కాయ తన ఇంటి గడికి పోతుంది కదా, ఇక్కడ కాయతో పాటు మనిషి కూడా పోయేది. చంపినవాళ్ళు కాయను తీసి పక్కన పెట్టేసరికి బండ పక్కన పరిచిన చాప మీద ఆమె ఉండదు. తన ఇంట్లో, తనకు అలవాటైన చోట ఉంటుంది. ఇది ఆ వీధిలో అందరికీ తెలిసిందే. ఎవరూ దాని గురించి ప్రత్యేకంగా మాట్లాడుకునేవారు కాదు.

భారతమ్మ చిన్నమ్మ రాములమ్మ గోల్నాక నుంచి వారానికి రెండు మూడుసార్లు బస్సులో వచ్చేది. తిరిగి పోయేటప్పుడు మాత్రం బస్సు ఎక్కేది కాదు. పొద్దు వాలుతుండగా తన కాయను కావాలని భారతమ్మ కాయ ముందుకు జరిపేది.

"ఇగ నన్ను చంపు బిడ్డా. పొయ్యి మీద పప్పు వెయ్యాలె."

ఒకసారి చెప్పులు వరండాలో ఉండిపోయి, మళ్ళీ వచ్చేటప్పుడు వట్టి కాళ్ళతో బస్సెక్కాల్సి వచ్చింది. అప్పటినుంచి ఆమె చెప్పులేసుకునే ఆటకు కూర్చునేది. భారతమ్మ చస్తే లోపల వంటింట్లో, నీళ్ళ గాబు పక్కన ఉండేది. చేతిలో ఒక గ్లాసు మంచినీళ్ళు పట్టుకొని బయటికొచ్చి మళ్ళీ ఆడేది.

నాలుగిళ్ళ అవతల ఉండే శ్యామలాంబ మాత్రం ఎన్నడూ చావలేదు. ఆమె రేపల్లె మనిషి. పెళ్ళయి ఈ ఊరొచ్చి చాలా ఏళ్ళయింది. కత్తెర గుర్తు ఉన్న గడుల్లో కాయను చంపకూడదని రూలు. శ్యామలాంబ ఒక గుర్తు గడి నుంచి ఇంకో గుర్తు గడికి సరిపోయే పందెం పడితేనే కాయ కదిపేది. ఓడిపోయినా సరే, బయట గడిలో నిలబడేది కాదు.

"ఎందుకక్కా అంత భయం?" అని భారతమ్మ ఒకసారి అడిగింది.

"నేను ఎక్కడ పడతానో నాకే తెలియదమ్మా," అంది శ్యామలాంబ. "మా నాన్న ఇంట్లో పడ్డాననుకో, ఇన్నేళ్ళు ఇక్కడ చేసిన కాపురం ఏమైనట్టు? ఇక్కడ పడితే అదేమో మా అమ్మకు చెప్పలేను."

శ్యామలాంబ భర్త సుబ్బరాయుడు క్యాంపస్ లోపల ఉన్న పుప్పొడి పరిశోధన కేంద్రానికి డైరెక్టరు. భారతమ్మ భర్త రాజలింగం అక్కడే ఆయన కింద పనిచేసేవాడు. రాజలింగం గోల్నాకలో పుట్టి పెరిగాడు. కాలేజీ రోజుల్లో క్యారమ్స్ ఛాంపియన్. ఆదివారం సాయంత్రాలు డైరెక్టరు గారింట్లో క్యారమ్స్, తంబోలా ఆడటానికి ఆఫీసు వాళ్ళందరూ చేరేవాళ్ళు. ఛాంపియన్ అయిన రాజలింగం అక్కడ ఒక్క ఆట కూడా గెలిచేవాడు కాదు. అతను కొట్టిన ఎర్ర కాయిన్ ప్రతిసారీ పాకెట్ అంచుదాకా పోయి ఆగేది. డైరెక్టరు గారు దాన్ని వేలితో తోసినట్టు వేసుకునేవారు. భారతమ్మ వెనక కూర్చొని చూసేది. చూసి తల తిప్పుకునేది.

భారతమ్మ కూడా ఎమ్మెస్సీ బాటనీ. కేంద్రంలో రెండేళ్ళు జీతం లేకుండా పనిచేసింది. మిద్దె మీద వాజిలైన్ పూసిన గాజు పలకలు పెట్టి, గాలిలో ఎగిరే పుప్పొడిని పట్టి, కిటికీ పక్కన మైక్రోస్కోపు ముందు కూర్చొని ఏది వేపదో ఏది గడ్డిదో విడదీసేది. ఆ కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంటే ఆమెకు ఆకలి కూడా గుర్తుకొచ్చేది కాదు. అక్కడ అసిస్టెంటు ఉద్యోగం పడ్డప్పుడు ఆమె ఇంటర్వ్యూకు పోయింది. ఉద్యోగం శ్యామలాంబ తమ్ముడు పేరయ్యకు వచ్చింది.

"మనకు రాసిపెట్టి లేదు, ఏం జేస్తం," అన్నాడు రాజలింగం. భారతమ్మ అదే నిజమనుకుంది.

చలికాలంలో ఒక మధ్యాహ్నం పేరయ్య అట్టపెట్టె పట్టుకొని వరండాలోకి వచ్చాడు. సన్నగా, భయంభయంగా ఉండే మనిషి. ఊరొచ్చి రెండేళ్ళయినా తార్నాక చౌరస్తా దాటాలంటే ఇంకా రెండువైపులా నాలుగుసార్లు చూసేవాడు.

"అన్నగారు లేరాండీ? మా అమ్మ బందరు లడ్డూలు పంపింది."

"ఆఫీసుకు పోయిండ్రు. కూసో పేరయ్యా."

"కూర్చోనండి. మాట చెప్పి వెళతాను. అన్నగారి రుణం ఈ జన్మకు తీరదండి. ఆయన ఆ మాట చెప్పబట్టే నాకీ ఉద్యోగం."

"ఏం మాట?"

"అదేనండి, నేను గోల్నాకలో పుట్టి పెరిగానని. లోకల్ వాళ్ళకే ఇవ్వాలి కదా, తెలిసినవాళ్ళెవరైనా చెప్పాలన్నారట కమిటీ వాళ్ళు. చిన్నప్పట్నుంచీ ఎరుగుదును, మా గల్లీ పిల్లాడే అని అన్నగారు చెప్పారు." పేరయ్య ఆగాడు. ఆమె మొహం చూశాడు. "మీకు చెప్పే ఉంటారనుకున్నానండి."

భారతమ్మ అట్టపెట్టె అందుకుంది. "చెప్పలే," అన్నది.

సాయంత్రం రాజలింగం వచ్చి సైకిలు గోడకు ఆనిస్తుంటే ఆమె గడపలో నిలబడి అడిగింది.

"పేరయ్య మీ గల్లీల పుట్టిండా?"

రాజలింగం వంగి సైకిలుకు తాళం వేశాడు. తర్వాత, "సార్ అడిగిండు. కాదంటె నా గతి ఏమైతది? నా ప్రమోషన్ ఆయన చేతిల ఉన్నది," అన్నాడు. "అయినా ఒక్క ఇంట్ల ఇద్దరం ఒక్క ఆఫీసుల చేస్తే నలుగురు ఏమనుకుంటరు? నేను నిన్ను ఉపాసం ఉంచుతున్ననా?"

"ఆ ఉద్యోగానికి ఇంటర్వ్యూకు పోయింది నేను."

"తెలుసు."

ఆ ఒక్క మాట భారతమ్మ ఒంట్లో నిప్పు పెట్టింది. తెలియక చేశాడనుకుంటే ఏడ్చేదేమో. తెలిసి చేశాడు కాబట్టి ఏడుపు రాలేదు. అట్టపెట్టె తీసుకుపోయి వీధి చివర ఆవుల ముందు బోర్లించి వచ్చింది. ఆ రోజునుంచి ఆమె అష్టాచెమ్మ ఆడటం మానేసింది. వరండాలో మిగతావాళ్ళు ఆడుతుంటే లోపల రోట్లో పచ్చడి నూరేది. ఆ నూరడం చప్పుడుకు బయట గవ్వలు ఎగిరిపడేవి. రాజలింగానికి అన్నం పెట్టేది, బట్టలుతికేది, అడిగినదానికి జవాబు చెప్పేది. కోపం మాత్రం ఒక్క పూట కూడా చల్లారలేదు. పొద్దున లేవగానే ఆమె కంటే ముందు అదే లేచి కూర్చునేది.

సంగతి శ్యామలాంబకు కూడా తమ్ముడి నోటనే తెలిసింది. ఆమె వచ్చి గడప దగ్గర నిలబడి, "నేను మా ఆయనతో మాట్లాడటం మానేశాను భారతీ. అంతకన్నా ఏం చేయాలో నాకు తెలియడం లేదు," అంది. భారతమ్మ ఆమెను లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. ఒక పీట ముందుకు జరిపింది.

సంక్రాంతి సెలవుల తర్వాత క్యాంపస్ భగ్గుమంది. మా ఉద్యోగాలు మాకు కావాలని పిల్లలు క్లాసులు వదిలి రోడ్ల మీదికొచ్చారు. లాఠీలు, బాష్పవాయువు, బంద్‌లు. కొన్నాళ్ళకు కాల్పులు కూడా జరిగాయి, కన్నవాళ్ళకు పిల్లలు శవాలై వచ్చారు. యూనివర్సిటీకి తాళాలు పడ్డాయి. భారతమ్మ రేడియో ముందు కూర్చొని పిడికిళ్ళు బిగించేది. వాళ్ళు అడుగుతున్నది న్యాయమని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ అన్యాయం తన ఇంట్లోనే పీట వేసుకొని కూర్చొని ఉంది.

రాజలింగం చౌరస్తాలో ఉపన్యాసాలు మొదలుపెట్టాడు.

మొదటి రోజు విన్నప్పుడు భారతమ్మ కూరగాయల సంచీ పట్టుకొని జనంలో నిలబడి ఉంది. "దొంగ సాక్ష్యాలతోటి మన నౌకరీలు గుంజుకున్నరు," అంటున్నాడు రాజలింగం, గొంతు బొంగురు పోయేటట్టు. "మన బిడ్డలు ఎమ్మెస్సీలు చదివి ఇండ్లల్ల కూసున్నరు." జనం చప్పట్లు కొట్టారు. ఆమె సంచీలోని వంకాయలు రోడ్డు మీద పడి దొర్లాయి. ఆమె ఏరుకోలేదు.

మూడో వారానికి శ్యామలాంబ ఇంటి గోడ మీద ఎవరో తారుతో మీ ఊరికి పొండి అని రాశారు. భారతమ్మ కిరసనాయిలు, గుడ్డ తీసుకొని పోయింది.

"ఉండనీ," అంది శ్యామలాంబ. "తుడిస్తే మళ్ళీ రాస్తారు. చదువుకోనీ అందరినీ."

ఆ ఆదివారం పొద్దున రాజలింగం వీధిలోని మగవాళ్ళను కొందరిని వెంటబెట్టుకొని వరండాలోకి వచ్చాడు. రాములమ్మ అప్పుడే బస్సు దిగి వచ్చి కూర్చుంది. రాజలింగం బండ ఊడ్చి పక్కన చాప పరిచి, శ్యామలాంబకు కబురు పంపాడు.

"ఎందుకు?" అని అడిగింది భారతమ్మ.

"ఎవరిల్లు ఎక్కడున్నదో ఈ బండనే చెప్తది. మేం చెప్పుడెందుకు? ఆమె రేపల్లెల పడితే అదే తీర్పు."

"ఆడోళ్ళ ఆట ఇది. నువ్వెన్నడు కూసోలేదు గద అల్లుడా," అన్నది రాములమ్మ.

"ఇయ్యాల కూసుంట."

శ్యామలాంబ వచ్చింది. ఇంటి చీరలోనే, జుట్టు ముడి వేసుకుంటూ. చాప చుట్టూ నిలబడ్డవాళ్ళను ఒక్కొక్కరినీ చూసింది. అందరూ ఆమె చేతి కాఫీ తాగినవాళ్ళే. "ఇన్నేళ్ళూ భయపడ్డాను. ఇక నాకూ తెలుసుకోవాలని ఉంది," అని కూర్చుంది. గుండీలు తీసి గడిలో పెట్టింది.

"నేను గూడ ఆడుత," అన్నది భారతమ్మ. నెలల తర్వాత ఆమె చాప మీద కూర్చుంది.

నలుగురూ గవ్వలు వేశారు. ఆడవాళ్ళ ఆట అని ఇన్నాళ్ళూ చిన్నచూపు చూసినా, రాజలింగం చేతికి గురి ఉంది. పైగా శ్యామలాంబ ఆ రోజు గుర్తు గడుల కోసం ఎదురుచూడలేదు. పడ్డ పందెం పడ్డట్టే నడిచి, బయట గడిలో నిలబడింది. రాజలింగానికి చెమ్మ పడింది, నాలుగు నడిచాడు. చెమ్మకు ఇంకో పందెం ఉంటుంది కాబట్టి మళ్ళీ వేశాడు. రెండు. అతని కాయ పోయి శ్యామలాంబ గుండీ మీద నిలబడింది. గుండీని తీసి చాప అవతల పెట్టాడు.

చాప మీద శ్యామలాంబ లేదు.

ఒకాయన నవ్వి, "రేపల్లెకు టెలిగ్రాం ఇయ్యాలె, ఆమె చేరిందా లేదా అని," అన్నాడు. ఇంకొందరు నవ్వారు. రాజలింగం మీసం తడుముకున్నాడు.

నాలుగిళ్ళ అవతల ఇనుప గేటు కిర్రుమంది. తారు రాతల గోడ పక్కనుంచి శ్యామలాంబ నడిచి వస్తోంది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. వచ్చి తన చోట కూర్చుంది.

"నా వంటింట్లోనే పడ్డాను. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. దించి వచ్చాను," అంది.

నవ్విన పెద్దమనిషి తలగుడ్డ విప్పి దులుపుకున్నాడు. ఇద్దరు ముగ్గురు మెల్లగా మెట్లు దిగారు. ఒకరిద్దరు ఆ గోడ వైపు చూసి నేల చూపులు చూశారు.

"బండ ఖరాబైంది," అన్నాడు రాజలింగం.

"బండ మంచిగనే ఉన్నది," అన్నది భారతమ్మ. "చూస్తవా నువ్వు?"

పెళ్ళయినప్పటినుంచి ఆమె అతన్ని మీరు అనే పిలిచేది. ఆ నువ్వు విని రాములమ్మ తలెత్తింది. భారతమ్మ గవ్వలు వేసింది. మూడు పడింది. గుర్తు గడిలో భద్రంగా ఉన్న చింతగింజను తీసి, మూడు గడులు నడిపి, రాజలింగం కాయకు సరిగ్గా ఒక్క గడి ముందర పెట్టింది.

"ఎందుకు కదిలిస్తవు బిడ్డా? అక్కడ ఎవరు ముట్టకపోదురు," అన్నది రాములమ్మ.

"అందుకే కదిలిచ్చిన చిన్నమ్మా." ఆమె వరండాలో మిగిలినవాళ్ళ వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "ఎవరి నౌకరి ఎవరు గుంజుకున్నరో ఈయన రోజు చౌరస్తల చెప్తున్నడు గద. ఎమ్మెస్సీ చదివి ఇంట్ల కూసున్న బిడ్డను నేను. నా నౌకరి పోయింది దొంగ సాక్ష్యంతోటే. పేరయ్య మా గల్లీ పిలగాడే అని సాక్ష్యం చెప్పింది ఎవరో అడగండ్రి. మీ ముంగటనే ఉన్నడు."

రాజలింగం మొహం నల్లబడింది. జనం అతన్ని చూస్తున్నారు. అతను గవ్వలను గుప్పిట్లో గట్టిగా ఆడించి బండ మీద కొట్టినట్టు వేశాడు. ఒక్కటి.

"మొగని పరువు బజార్ల పెడుతవా?" అన్నాడు. "పో. పోయి వంటింట్ల పడు."

చింతగింజను తీసి విసిరేశాడు.

భారతమ్మ కళ్ళు తెరిచేసరికి గాబు పక్కన లేదు. కిటికీ పక్కన బల్ల ముందు, స్టూలు మీద కూర్చొని ఉంది. ఎదురుగా గుడ్డ కప్పిన మైక్రోస్కోపు. ఆ చోటు ఆమెకు చీకట్లో కూడా తెలుసు. లడ్డూల రోజు తర్వాత తాను వంటింట్లో పడనని ఆమెకు అనిపిస్తూనే ఉంది. ఎక్కడ పడుతుందో మాత్రం తెలియదు. ఎక్కడా పడకపోతే ఏమైతది అనే భయంతోనే ఆమె ఆ కాయను ముందుకు జరిపింది. ఇప్పుడు బల్ల మీద రెండు చేతులూ ఆనించి చాలాసేపు అట్లాగే కూర్చుంది. తర్వాత గుడ్డ తీసింది. లెన్సు మీద వేలిముద్రలున్నాయి. స్లైడ్ల మీద అడ్డదిడ్డంగా పేర్లు. అది చూసి ఆమె కోపం ఇంకో మెట్టు ఎక్కింది.

కేంద్రం వరండాలో అడుగుల చప్పుడైంది. బయట గొడవలని సెలవు రోజు కూడా ఆఫీసులోనే దాక్కున్న సుబ్బరాయుడు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఎలా వచ్చారమ్మా? గేటుకు తాళం ఉందే."

"చచ్చి వచ్చిన సార్. మా వరండాల."

ఆయనకు ఆ బండ సంగతి తెలుసు. అందుకే ఎన్నడూ దాని దగ్గరికి రాలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "చూడండమ్మా, రూల్సు ప్రకారం కమిటీ…"

"పేరయ్య ఇల్లు గోల్నాకల ఉన్నదని రూల్సు చెప్పినయి. ఒక్కసారి మా బండ కాడికి పంపండ్రి. గోల్నాకల పడితే నేను మళ్ళ ఈ గడప తొక్క."

సుబ్బరాయుడు గేటు దగ్గరి వాచ్‌మన్ ఇన్నయ్యను పిలిచి, ఆమెను బయటికి పంపమన్నాడు. ఇన్నయ్య వచ్చి ఆమెను చూశాడు, డైరెక్టరు గారిని చూశాడు.

"చచ్చి ఇంటికొచ్చిన మనిషిని ఎట్ల ఎల్లగొడుత సార్," అన్నాడు. "నాతోని కాదు." పోయి తన స్టూలు మీద కూర్చున్నాడు.

పొద్దు గూకేదాకా భారతమ్మ స్లైడ్లు తుడిచి సర్దింది. ఆ రాత్రి తార్నాక పోలేదు. గోల్నాకలో రాములమ్మ ఇంట్లో పడుకుంది.

మర్నాడు పొద్దున ఆమె రాములమ్మతో కలిసి తార్నాక వరండాకు వచ్చింది. అప్పటినుంచి రోజూ అంతే. బస్సులు లేని రోజుల్లో అంబర్‌పేట మీదుగా నడిచే వచ్చేవాళ్ళు. ఇద్దరూ చాప పరుచుకొని కూర్చునేవాళ్ళు, శ్యామలాంబ వచ్చి కలిసేది. భారతమ్మ తన కాయను ముందుకు జరిపేది, రాములమ్మ చంపేది. భారతమ్మ కేంద్రంలో బల్ల ముందు ఉండేది. తర్వాత శ్యామలాంబ రాములమ్మను చంపేది, ఆమె గోల్నాకలో పప్పు పొయ్యి మీద పెట్టేది. చివరికి శ్యామలాంబ ఒక్కతే గవ్వలు ఏరి గూట్లో పెట్టి, నడిచి ఇంటికి పోయేది. రాజలింగం తలుపు సందులోంచి చూసేవాడు. తన వరండా మీంచి వెళ్ళగొట్టాలని ఒకటి రెండుసార్లు గడప దాకా వచ్చాడు. వీధంతా చూస్తోంది. వెనక్కి పోయాడు.

కేంద్రంలో ఆమెను ఎవరూ పలకరించలేదు, ఎవరూ పొమ్మనలేదు. యూనివర్సిటీ గేట్లన్నీ మూసి ఉన్న ఆ నెలల్లో రోజూ లోపల పని చేసింది ఆమె ఒక్కతే. మిద్దె మీద గాజు పలకలు పెట్టేది. వేప పుప్పొడి మధ్యన కాలిన బస్సుల మసి రేణువులు కనిపించేవి. వాటిని కూడా గీసి పెట్టేది. గీస్తున్నప్పుడు పళ్ళు నూరుకునేది.

ఒక పొద్దున ఆట మొదలుపెట్టబోతుంటే పేరయ్య వచ్చాడు. చేతిలో చిన్న సూట్‌కేసు. ముక్కు ఎర్రగా ఉంది.

"నన్ను కూడా ఆడనిస్తారాండీ?" అన్నాడు. భారతమ్మ మొహం చూడలేక అక్కవైపు తిరిగాడు. "నాకు ఆ ఉద్యోగం పడలేదక్కా. పుప్పొడి దగ్గరికి పోతే తుమ్ములే తుమ్ములు. రోడ్డు మీదికి పోతే భయం. అమ్మ చేతి అన్నం తిని ఎన్నాళ్ళయిందో."

భారతమ్మ అతన్ని చూసింది. ఇతని మీద కోపం తెచ్చుకోవాలని ఎన్నోసార్లు చూసింది కానీ నిలవలేదు. జరిగి చాప మీద చోటిచ్చింది. "సూట్‌కేసు ఒళ్ళ పెట్టుకో. కింద పెడితే ఇక్కడనే ఉంటది," అన్నది.

శ్యామలాంబ తమ్ముడి కాయ దగ్గరికి వచ్చాక రెండుసార్లు పందెం వదిలేసింది. మూడోసారి, "అమ్మను అడిగానని చెప్పు," అని చంపింది.

రెండు రోజులకు టెలిగ్రాం వచ్చింది. చేరాను, ఇక రాను అని. గోల్నాక పిలగాడు రేపల్లెలో పడ్డాడన్న సంగతి సాయంత్రానికల్లా చౌరస్తా దాకా పోయింది. "నీ చిన్ననాటి దోస్తు గంత దూరం ఎట్ల పోయిండు రాజలింగన్నా?" అని పాన్‌డబ్బా దగ్గర ఒకడు అడిగితే రాజలింగం సైకిలెక్కి వెళ్ళిపోయాడు. మళ్ళీ అతను ఉపన్యాసం ఇవ్వలేదు, ఇవ్వమని అడిగినవాళ్ళూ లేరు.

యూనివర్సిటీ తెరిచాక ఖాళీ పడ్డ అసిస్టెంటు ఉద్యోగానికి మళ్ళీ ఇంటర్వ్యూ పెట్టారు. సుబ్బరాయుడు ఆమెను ఒక్క ప్రశ్నే అడిగాడు, కాగితాల్లోంచి తలెత్తకుండా. "ఎప్పుడు చేరతారు?"

"ఎప్పుడో చేరిన సార్," అన్నది భారతమ్మ.

క్యాంపస్‌లో ఒక చిన్న క్వార్టరు ఇచ్చారు. ఇక చచ్చి రావలసిన పని లేదు. గేటులోంచే నడిచి వచ్చేది.

వానలు మొదలైన రోజుల్లో రాజలింగం ఆమె పనిచేసే గది ముందుకొచ్చి నిలబడ్డాడు. అతన్ని వేరే విభాగానికి మార్చి చాలా కాలమైంది. గడ్డం మాసి, చొక్కా నలిగి ఉంది. భారతమ్మ బయటికి వచ్చింది.

"నిన్న నేనొక్కణ్నే కూసున్న ఆ బండ కాడ," అన్నాడు. "రెండు దిక్కుల నేనే ఆడిన. నా కాయను నేనే చంపుకున్న."

ఆమె చేతికంటిన వాజిలైన్ కొంగుకు తుడుచుకుంది.

"ఎక్కడికి పోలేదు భారతీ. కాయ తీసి పక్కకు పెట్టిన. కూసున్న కాడనే ఉన్న. గోల్నాకల మా అమ్మ ఇంటికి పోతనేమో అనుకున్న. లోపటికన్న పోతనేమో అనుకున్న. వరండాలనే ఉన్న. వాన కొడుతున్నది." అతను ఒక అడుగు ముందుకు వేశాడు. "నువ్వు ఇంటికి రా."

భారతమ్మకు అతని మీద జాలి కలిగింది. జాలి కలిగినందుకు తన మీద తనకు ఒళ్ళు మండింది. వరండా స్తంభం పట్టుకొని ఆ మంట కొంచెం తగ్గేదాకా నిలబడింది.

"నేనొస్తె నీకు ఇల్లు అయితది," అన్నది. "నాకేమైతది?"

వాన చినుకులు రాజలింగం భుజం మీద పడుతున్నాయి. అతనికి జవాబు దొరికేదాకా ఉందామని ఆమె నిజంగానే కాసేపు ఆగింది. తర్వాత లోపల గొళ్ళేనికి తగిలించి ఉన్న తన గొడుగు తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"తిరిగి ఇయ్యక్కర లేదు," అని తలుపు వేసుకుంది.